నాలుగు పాత ఫోన్లు: నల్గొండ రిపేరు బల్ల మీద ఎనిమిది నెలల ప్రయోగం

2024 అక్టోబరు మొదటి వారంలో ముగ్గురు ఒకే ఫిర్యాదుతో మా షాపుకు వచ్చారు. ఫోన్ ఆన్ అవుతోంది. ఛార్జింగ్ ఎక్కుతోంది. డిస్‌ప్లే మీద చిన్న గీత కూడా లేదు. కానీ కొన్ని యాప్‌లు తెరవగానే కనెక్షన్ సురక్షితంగా లేదని చెప్పి ఆగిపోతున్నాయి. ముగ్గురివీ 2017లో కొన్న ఒకే మోడల్ ఫోన్లు. ముగ్గురూ అంతకుముందు వేరే చోట అడిగితే, పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారట.

నేను నల్గొండ గడియారం సెంటర్‌కు దగ్గర్లో పదకొండేళ్లుగా మొబైల్ రిపేరు చేస్తున్నాను. బోర్డు కాలిపోయిన ఫోన్‌ను పక్కన పెట్టడం నాకు బాధ కాదు. అన్నీ బాగున్న ఫోన్‌ను సాఫ్ట్‌వేర్ లేదన్న కారణంతో పారేయమని చెప్పడానికి మాత్రం నోరు రాదు. ఆ ముగ్గురిలో ఇద్దరు సరేనన్నారు. అదే మోడల్ ఫోన్లు రెండు నా ఎక్స్ఛేంజ్ డబ్బాలో ఉన్నాయి. మొత్తం నాలుగు ఫోన్లలో నాలుగు రకాల ఓపెన్ సోర్స్ ఓఎస్‌లు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచిన, ఫోన్‌ను నడిపించే సాఫ్ట్‌వేర్లు, వేసి చూశాను. ఏది పనికొచ్చింది, ఏది రాలేదు, ఎందుకు రాలేదు అన్నదే ఈ కేసు.

జబ్బు ఎక్కడుంది

మనం తెరిచిన సైటు అసలుదేనని ఫోన్‌కు చెప్పడానికి ప్రతి సైటుకూ ఒక సర్టిఫికెట్ ఉంటుంది. ఆ సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థను నమ్మవచ్చా లేదా అన్న జాబితా ఫోన్ లోపలే ఉంటుంది. ఈ సర్టిఫికెట్లను ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ పేరు ఆండ్రాయిడ్ 7.1.1 నుంచి మాత్రమే ఆ జాబితాలో ఉంది. అంతకంటే పాత ఫోన్లు కూడా పనిచేయాలని మరో సంస్థ సంతకంతో ఒక ఏర్పాటు నడిపారు. అది 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. మా దగ్గరికి వచ్చిన మోడల్‌కు కంపెనీ ఇచ్చిన చివరి ఆండ్రాయిడ్ 7.0. అక్టోబరులోనే ముగ్గురు రావడానికి కారణం ఇది.

హార్డ్‌వేర్ మాత్రం గట్టిది. స్నాప్‌డ్రాగన్ 625 చిప్, 3 జీబీ ర్యామ్, 32 జీబీ స్టోరేజీ. ఈ చిప్ అంతగా వేడెక్కదు, బ్యాటరీని పొదుపుగా వాడుతుంది. నా అనుభవంలో ఇన్నేళ్లు నిలబడిన చిప్‌లు తక్కువ.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆండ్రాయిడ్ మూల కోడ్ అందరిదీ. దాన్ని ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఫోన్ కంపెనీలు దాని మీద తమ డిజైన్ వేసి, గూగుల్ యాప్‌లు కలిపి అమ్ముతాయి. ప్లే స్టోర్, చాలా యాప్‌లు వెనక నుంచి ఆధారపడే ప్లే సర్వీసెస్ మాత్రం ఓపెన్ సోర్స్ కావు. కంపెనీ అప్‌డేట్లు ఆపేశాక కూడా మూల కోడ్ నుంచి పాత ఫోన్లకు కొత్త వెర్షన్లు కట్టే వాలంటీర్లు ప్రపంచమంతా ఉన్నారు. అలా కట్టినదే సయనోజెన్‌మాడ్. అది 2016 డిసెంబరులో ఆగిపోయినప్పుడు దాని కోడ్ నుంచే లినేజ్ ఓఎస్ పుట్టింది. నేను ఈ పని నేర్చుకున్నది 2014 చివర్లో సయనోజెన్ ఓఎస్‌తో వచ్చిన యురేకా ఫోన్ల మీద. అప్పటి నుంచి ఈ మనుషుల మీద నాకు గౌరవం. జీతం లేకుండా, ఎక్కడో ఉన్న నా కస్టమర్ ఫోన్ కోసం రాత్రిళ్లు కూర్చుని పని చేస్తారు.

ఇలాంటిదే గ్రాఫీన్ ఓఎస్, భద్రతకు పేరున్నదే కానీ గూగుల్ పిక్సెల్ ఫోన్లకే వస్తుంది. 2023 జనవరిలో ఐఐటీ మద్రాస్ నుంచి వచ్చిన భార్ఓఎస్ గురించి కస్టమర్లు అడుగుతుంటారు. అది సంస్థల అవసరాల కోసం మొదలైంది, మన చేతిలోని ఏ ఫోన్‌లో పడితే ఆ ఫోన్‌లో వేసుకునేది కాదు. అందుకని ఆ రెండూ పక్కన పెట్టాను.

పని మొదలుపెట్టే ముందు

వేరే ఓఎస్ వేయాలంటే, ఫోన్ ఆన్ కాగానే ఓఎస్‌ను లేపే బూట్‌లోడర్‌కు కంపెనీ వేసిన తాళం తీయాలి. అది తీస్తే ఫోన్‌లో ఉన్నదంతా పోతుంది. ఈ ముక్క కస్టమర్‌కు మూడుసార్లు చెప్పాను, కాగితం మీద రాసి సంతకం తీసుకున్నాను. ఫొటోలు, కాంటాక్టులు, వాట్సాప్ ఫోల్డర్ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించాను. తాళం తీయడానికి కంపెనీ అకౌంట్‌తో దరఖాస్తు పెట్టి కొన్ని రోజులు ఆగాలి. ఆ ఆగే రోజుల్లో బ్యాటరీలు మార్చాను. ఏడేళ్ల బ్యాటరీతో కొత్త సాఫ్ట్‌వేర్‌ను పరీక్షిస్తే తప్పు ఎవరిదో తెలియదు.

తర్వాత అన్నిటికంటే ముఖ్యమైన బ్యాకప్. సిగ్నల్ పట్టే మోడెమ్ వివరాలు, ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు ఐఎంఈఐ ఉండే స్టోరేజీ భాగాన్ని ప్రతి ఫోన్ నుంచి విడిగా తీసి, ఆ ఫోన్ పేరుతోనే దాచాను. ఇది చేయకుండా ఎవరూ ఈ పనికి దిగకూడదు. మూడో ఫోన్‌లో నేను వేరే వేరియంట్ మోడెమ్ ఫైల్ ఎక్కించాను. ఫోన్ ఆన్ అయింది, సిమ్ కనిపించింది, ఐఎంఈఐ ఉండాల్సిన చోట ఖాళీ. రాత్రి పదింటి దాకా షాపులో టెన్షన్‌తో కూర్చున్నాను. సరైన మోడెమ్ ఫైల్ వేసి, ఆ ఫోన్ నుంచే తీసిన బ్యాకప్‌ను తిరిగి ఎక్కిస్తే సిగ్నల్ వచ్చింది. బ్యాకప్ లేని వాళ్లు ఈ స్థితిలో ఏదో ఒక నంబరు రాసే టూల్ వెతుకుతారు. ఐఎంఈఐ మార్చడం 2017 నుంచి నిబంధనల ప్రకారం నేరం. ఫోన్‌కు పుట్టుకతో వచ్చిన నంబరును దాని బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకోవడం ఒక్కటే సరైన దారి.

రైతు ఫోన్

మొదటి ఫోన్ తిప్పర్తి వైపు ఊరి రైతుది. అరవై దాటిన మనిషి, నాలుగెకరాల బత్తాయి తోట. ఫోన్‌తో ఆయనకు ఏం పని అని కూర్చోబెట్టి అడిగాను. బోరు మోటారుకు మొబైల్ స్టార్టర్ ఉంది, ఇంటి దగ్గర్నుంచి ఫోన్ చేసి మోటారు వేస్తాడు. కాయల ఫొటోలు వాట్సాప్‌లో దళారీకి పంపుతాడు. హైదరాబాద్‌లో ఉన్న కూతురితో వీడియో కాల్. బ్యాంకులో డబ్బులు పడితే మెసేజ్ రావాలి. యూపీఐ లేదు, ఆ లెక్కలన్నీ కొడుకు ఫోన్‌లో.

యూపీఐ లేదనగానే ఇది తేలిక కేసు అనుకున్నాను. లినేజ్ ఓఎస్ 20 వేశాను, అంటే ఆండ్రాయిడ్ 13. ఇంతకంటే కొత్త వెర్షన్లు ఉన్నా 3 జీబీ ర్యామ్‌కు ఇదే నయమని నా అంచనా. గూగుల్ యాప్‌లు ఏవీ పెట్టలేదు. యాప్‌ల కోసం ఓపెన్ సోర్స్ స్టోర్ ఎఫ్-డ్రాయిడ్ పెట్టాను, వాట్సాప్‌ను దాని సొంత సైటు నుంచి దించాను. నోటిఫికేషన్లు ఆలస్యం కాకుండా వాట్సాప్‌కు బ్యాటరీ పొదుపు నిబంధన తీసేశాను.

మొదటి పరీక్ష కాల్. ఆయనది జియో సిమ్. 2016లో 4జీతోనే మొదలైన జియోకు 2జీ, 3జీ నెట్‌వర్క్ లేదు. అంటే 4జీ మీదే కాల్ నడిపే వోల్టీ పనిచేయకపోతే ఫోన్‌లో మాటే లేదు. వోల్టీకి కావాల్సిన సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కాదు, చిప్ తయారీదారు దగ్గర్నుంచి వస్తుంది. లినేజ్ కట్టేవాళ్లు దాన్ని ఫోన్ అసలు సాఫ్ట్‌వేర్ నుంచి తీసుకుని జోడిస్తారు. ఈ మోడల్‌కు ఆ జోడింపు బాగా కుదిరింది. పోయే కాల్, వచ్చే కాల్, స్పీకర్, హెడ్‌సెట్ అన్నీ చూశాను. ఆ తర్వాత బండి మీద ఆయన తోటకే వెళ్లాను. స్టార్టర్‌కు కాల్ కలిశాక ఒక అంకె నొక్కితేనే మోటారు తిరుగుతుంది. కాల్‌లో ఆ అంకె శబ్దం సరిగా పోకపోతే షాపులో చేసిన పరీక్షలన్నీ వృథా. స్టార్టర్ డబ్బా పక్కన నిలబడి ఆయనతోనే నొక్కించాను. మోటారు తిరిగింది, నీళ్లు పడ్డాయి.

నాలుగో రోజు పొద్దున షాపు తెరిచేసరికే ఆయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఫోన్ మంచిగనే నడుస్తుంది బిడ్డా. గానీ నా మాట ఇంటలేదు."

"ఏం మాట కాకా?"

"మైకు ఒత్తి చెప్తే రాసేది గదా. ఆన ఎప్పుడు పడ్తది, బత్తాయి ధర ఎంత ఉంది అని నోటితోనే అడిగేటోన్ని. గిప్పుడు ఆ మైకే లేదు. నాకు ఒత్తి రాయనీకి రాదు."

నేను ఆయన పనులన్నీ అడిగాను కానీ ఆ పనులు ఎలా చేస్తాడో అడగలేదు. ఆయన ఫోన్ వాడేది చేత్తో కాదు, నోటితో. తెలుగు టైపింగ్‌కు ఓపెన్ సోర్స్‌లో కొరత లేదు. స్వతంత్ర మలయాళం కంప్యూటింగ్ వాళ్ల ఇండిక్ కీబోర్డులో తెలుగు ఉంది, హెలిబోర్డులో ఉంది. నోటో తెలుగు ఫాంటుతో ఒత్తులు, గుణింతాలు చక్కగా కుదురుతాయి. కానీ చదవడం, రాయడం కష్టమైన మనిషికి కీబోర్డు ఎంత మంచిదైతే ఏం లాభం? ఆయనకు అలవాటైన ఆ మైకు గూగుల్ సేవతో వచ్చేది. మన పల్లెల్లో గూగుల్‌ను వదలడం కష్టం కావడానికి కారణం చాలామంది అనుకునే మ్యాపులో, మెయిలో కాదు. తెలుగు మాట వినే చెవి అది. ఓపెన్ సోర్స్‌లో పనిచేసే మన పిల్లలు ఎవరైనా ఇది చదువుతుంటే, నా కోరిక ఒక్కటే. నెట్ సిగ్నల్ లేకున్నా నల్గొండ యాసను విని రాసే కీబోర్డు ఒకటి చేయండి.

గూగుల్ ప్యాకేజీని ఓఎస్ ఎక్కించాక, మొదటిసారి ఆన్ చేసేలోపే వేయాలి. తర్వాత వేస్తే కుదరదు. కాబట్టి మళ్లీ అంతా తుడిచి మొదటి నుంచి చేశాను. ప్లే స్టోర్ ఈ ఫోన్ సర్టిఫై కాలేదని చెబితే, అలాంటి ఫోన్ల కోసం గూగుల్ పెట్టిన పేజీలో ఫోన్ ఐడీ రిజిస్టర్ చేశాను. ఆ సాయంత్రం ఆయన మైకు నొక్కి, "రేపు ఆన పడ్తదా" అని అడిగాడు. తెర మీద అక్షరాలు వచ్చాయి. ఆయన ముఖంలో వచ్చిన వెలుగు చూశాక, పూర్తి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఫోన్ ఇవ్వలేకపోయానన్న వెలితి నాకు లేదు.

డిగ్రీ అమ్మాయి ఫోన్

రెండో ఫోన్ మహాత్మాగాంధీ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీ చదివే అమ్మాయిది. గ్రూప్స్ పరీక్షలకు కూడా చదువుతోంది. "అన్నా, నా ఫోన్‌లో యాడ్స్ లేకుండా చదువుకునేటట్టు చెయ్యి" అంది. దీనికి /e/ఓఎస్ వేశాను, ఇంగ్లిషు అక్షరం 'ఇ'యే దాని పేరు. మాండ్రేక్ లినక్స్ అనే కంప్యూటర్ ఓఎస్‌ను మొదలుపెట్టిన గేల్ డ్యువాలే దీన్నీ మొదలుపెట్టాడు. లినేజ్ మీద కట్టింది. గూగుల్ సేవల బదులు మైక్రోజీ ఉంటుంది. ప్లే సర్వీసెస్ చేసే పనుల్లో కొన్నిటిని ఓపెన్ సోర్స్‌లో తిరిగి రాసిన సాఫ్ట్‌వేర్ అది.

చదువు వైపు నుంచి చూస్తే ఇది నాలుగింటిలోకీ హాయైన ఫోన్. ప్రశ్న-జవాబు కార్డులతో చదివించే ఆంకీడ్రాయిడ్ యాప్‌లో ఆమె తెలంగాణ చరిత్ర తేదీలను తెలుగులోనే కార్డులుగా రాసుకుంది. పీడీఎఫ్‌లు, నెట్ లేకుండా నడిచే ఆర్గానిక్ మ్యాప్స్, నోట్సు అన్నీ కుదిరాయి. ఎదురుగా దూకే ప్రకటన ఒక్కటి లేదు.

చిక్కంతా డబ్బు దగ్గర వచ్చింది. ఇంటి నుంచి హాస్టల్ ఖర్చులు యూపీఐలో వస్తాయి. ఒక యూపీఐ యాప్ మొదటి అయిదు వారాలు మామూలుగా నడిచింది. ఆరో వారం అప్‌డేట్ అయ్యాక, ఈ ఫోన్‌లో నడవనని చెప్పింది. ఆమె బ్యాంకు యాప్ మొదటి రోజే ఒప్పుకోలేదు. కారణం దాచేదేమీ కాదు. ఇలాంటి యాప్‌లు ప్లే ఇంటెగ్రిటీ అనే పరీక్ష ద్వారా ఫోన్ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా మార్చారా, బూట్‌లోడర్ తాళం తీసి ఉందా అని అడుగుతాయి. మన ఫోన్‌లో తాళం తీసే ఉంది.

ఆ పరీక్షను మభ్యపెట్టే మాడ్యూళ్లు దొరుకుతాయి. నా సొంత ఫోన్‌లో ఏదైనా చేసుకుంటాను. కస్టమర్ డబ్బులుండే ఫోన్‌లో అది చేయను, మరో మెకానిక్ చేస్తానన్నా వద్దనే చెబుతాను. రేపు ఖాతాలో ఏదైనా తేడా వస్తే బ్యాంకు ముందు ఆ పిల్ల ఏమని చెప్పుకుంటుంది?

ఇంకో కారణం కూడా ఉంది. ఈ ఫోన్లలో సెక్యూరిటీ ప్యాచ్, అంటే భద్రతా లోపాలు పూడ్చే అప్‌డేట్, తేదీలు రెండు ఉంటాయి. ఆండ్రాయిడ్ ప్యాచ్ కొత్తదే, నెల నెలా మారుతుంది. వెండర్ ప్యాచ్, అంటే చిప్, మోడెమ్ లోపలి మూసిన సాఫ్ట్‌వేర్ తేదీ, కంపెనీ ఎప్పుడు ఆపేసిందో అక్కడే నిలిచిపోయింది. వాలంటీర్లు ఎంత కష్టపడ్డా దాన్ని మార్చలేరు. పాత ఫోన్‌కు కొత్త ఆండ్రాయిడ్ వేసి ఇక పూర్తి భద్రం అని చెప్పే మెకానిక్ కస్టమర్‌ను మోసం చేస్తున్నట్టే.

రిజర్వు బ్యాంకు 2022 మార్చిలో ఫీచర్ ఫోన్ల కోసం తెచ్చిన యూపీఐ 123పే గురించి ఆమెకు చెప్పాను. కాల్ చేసి డబ్బు పంపే పద్ధతి అది, ఫోన్ సాఫ్ట్‌వేర్‌తో దానికి సంబంధం లేదు. హాస్టల్ మెస్‌లో క్యూఆర్ స్కాన్ చేయాలి కాబట్టి ఆమెకు సరిపోలేదు. చివరికి నా దగ్గరే 4,500 రూపాయలకు ఒక సెకండ్ హ్యాండ్ ఫోన్ తీసుకుని సిమ్‌ను దాంట్లో వేసుకుంది. పాతదాన్ని సిమ్ లేకుండా చదువుకే ఉంచుకుంది. మంచి ఏర్పాటే, కానీ ఆ 4,500 ఖర్చు తప్పించడానికే మేము ఈ పని మొదలుపెట్టాం. అందుకని రిజిస్టర్‌లో ఈ కేసును సగం విజయమని రాసుకున్నాను.

మిగతా రెండు

మూడో ఫోన్‌లో ఉబుంటు టచ్ వేసి రెండు నెలలు నేనే వాడాను. కంప్యూటర్లకు ఉబుంటు లినక్స్ తయారుచేసే కానానికల్ కంపెనీ దీన్ని 2013లో ప్రకటించి 2017లో వదిలేస్తే, యూబీపోర్ట్స్ అనే సముదాయం ఎత్తుకుని పెంచుతోంది. అంచుల నుంచి వేలితో లాగుతూ వాడే ఆ పద్ధతి నాకు బాగా నచ్చింది. కానీ నా ఫోన్‌లో వోల్టీ రాలేదు. జియో సిమ్‌తో కాల్ లేదు. 2జీ ఉన్న వేరే సిమ్ వేస్తే కాల్స్ వచ్చాయి, మాట్లాడుతున్నంత సేపు డేటా ఆగేది. షాపు నంబరు దాంట్లో పెట్టుకునే ధైర్యం చేయలేదు. మన ప్రాంతంలో ఇది ప్రస్తుతానికి నేర్చుకునేవాళ్ల ఫోన్. ఇంజనీరింగ్ చదివే పిల్లలు అడిగితే మాత్రం తప్పకుండా చూపిస్తాను.

నాలుగోది పోస్ట్‌మార్కెట్ ఓఎస్. ఆండ్రాయిడ్ కాదు, ఆల్పైన్ లినక్స్ మీద కట్టిన, కంప్యూటర్లలో నడిచేలాంటి అసలైన లినక్స్. 2017లో మొదలుపెట్టినప్పుడే ఫోన్‌కు పదేళ్ల ఆయుష్షు ఇవ్వాలన్నది వాళ్ల సంకల్పం. దీన్ని ఫోన్‌లా వాడే ఆలోచన నేను మొదటి నుంచే పెట్టుకోలేదు. షాపులో చిన్న సర్వర్‌గా పెట్టాను. మొదట తెలుగు పేర్లన్నీ డబ్బాల్లా కనిపించాయి, నోటో తెలుగు ఫాంటు ప్యాకేజీ వేశాక సరిగా వచ్చాయి. ఇప్పుడు రిపేరుకు వచ్చిన ప్రతి ఫోన్ వివరం, కస్టమర్ చెప్పిన ఫిర్యాదు, మార్చిన పార్టు, తీసుకున్న డబ్బు దాంట్లోనే రాస్తాం. బోర్డు డయాగ్రాములు కూడా అందులోనే. నేను, నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఇద్దరం వైఫైలో మా ఫోన్ల నుంచే తెరుచుకుంటాం. కరెంటు పోయినా బ్యాటరీ ఉంది కాబట్టి ఆగదు. అంతకుముందు ఈ పనికి పాత కంప్యూటర్ రోజంతా నడిచేది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఫోన్‌ను రాత్రింబవళ్లు ఛార్జర్‌కు తగిలించి ఉంచితే బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. పాలమూరులో ఒక మిత్రుడి షాపులో అలా ఉబ్బి వెనక మూత లేచిన ఫోన్‌ను నేనే చూశాను. అందుకే టైమర్ ప్లగ్ పెట్టాను. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు మాత్రమే ఛార్జింగ్. వారానికోసారి మూత మీద వేలితో నొక్కి చూస్తాను.

ఎనిమిది నెలల తర్వాత

రైతు ఫోన్‌లో ఛార్జింగ్ ఇప్పుడు రోజున్నర వస్తోంది. ఇది కొత్త బ్యాటరీ గొప్పా, కొత్త సాఫ్ట్‌వేర్ గొప్పా అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి మార్చాను. యాప్‌లు సర్టిఫికెట్ గొడవతో ఆగడం మాత్రం పూర్తిగా పోయింది. అది కచ్చితంగా సాఫ్ట్‌వేర్ వల్లే. రైతు భరోసా డబ్బులు పడిన మెసేజ్ చూపించడానికి ఒకసారి షాపు దాకా వచ్చాడు. వేసవి మొత్తం మోటారు ఆ ఫోన్‌తోనే వేశాడు. రెండు నెలలకోసారి నా దగ్గరికి తెస్తే అప్‌డేట్ చేసి పంపుతున్నాను. ఆయనంతట ఆయన చేసుకునేలా నేర్పాలని ఉంది, ఇంకా కుదరలేదు. ఈ మోడల్‌కు కోడ్ కట్టే వాలంటీరు రేపు మానేస్తే అప్‌డేట్లు కూడా ఆగుతాయి. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాను. "నడిచినన్ని దినాలు నడ్వనీ" అన్నాడు.

జూన్ మొదటి వారంలో ఆయనే మరో ఫోన్ పట్టుకొచ్చాడు. దేవరకొండలో ఉండే అల్లుడిదట, అదే మోడల్. "నా లెక్కనే దీన్ని గూడ మంచిగ చెయ్యి బిడ్డా" అన్నాడు. అల్లుడికి ఫోన్ చేసి పావుగంట మాట్లాడాను. కిరాణా కొట్టు. రోజంతా యూపీఐ మీదే బేరం, ఆ నంబరు ఉన్నది ఈ ఫోన్‌లోనే. డబ్బు కోసం వేరే ఫోన్ కొన్నాక దీన్ని నా దగ్గరికి పంపమని చెప్పాను. బూట్‌లోడర్ ముట్టుకోలేదు. బ్యాటరీ, ఛార్జింగ్ బోర్డు మార్చి, మోటారు వేసే టైమయిందని తొందరపడుతున్న పెద్దాయన చేతికి ఆ సాయంత్రమే ఇచ్చి పంపాను.